చుక్క పెట్టిన ఇళ్లు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే ఏటిగట్టుకు పైనున్న వాళ్లం. నువ్వూ, మరదలూ, పిల్లలూ రాజధానిలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ బావగారి మోకాలి నొప్పి తగ్గింది. "స్వయానా ఎమ్మెల్యేగారే అడిగాక తగ్గక ఏం చేస్తుంది పాపం" అని ఆయనే నవ్వుతున్నారు.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. వరసగా రాస్తాను.

మొదటిది, వచ్చేసారి మన నియోజకవర్గం ఎటు మొగ్గుతుందని. క్వారీ కొండ కింద బూత్‌లన్నీ మనవే. స్టేషన్ వైపు సగం సగం. ఏరు వంపు తిరిగేచోట, గట్టు కింది మూడు వీధులు మాత్రం ఐదు ఎన్నికల్లోనూ మనకు వెయ్యలేదు. నాన్న రెండోసారి ఓడింది రెండువందల పన్నెండు ఓట్ల తేడాతో. ఆ తేడా అంతా ఆ ఒక్క బూత్‌లోదే. వచ్చేసారి అక్కడ ఎన్ని ఓట్లుంటాయో చెప్పలేను. వరదకు పోయిన పదిహేడు పేర్లు కొట్టేయాలి. మిగతావాళ్లు ఇంకా బడి గదుల్లోనే ఉంటున్నారు.

రెండోది, జనం ఏమనుకుంటున్నారని. బడికి దుప్పట్లు తీసుకెళ్తే ఎవరూ నాతో మాట్లాడలేదు. ఒక ముసలాయన మాత్రం, "ఇవి చుక్క ఉన్నవాళ్లకా తల్లీ, లేనివాళ్లకా?" అన్నాడు.

"ఏం చుక్క తాతా?" అన్నాను.

చెప్పాడు. గట్టు తెగిన రోజు జనాన్ని ఒడ్డుకు చేర్చడానికి మూడు పడవలొచ్చాయట. ఎన్నికల్లో నీ మనుషుల్ని నడిపిన క్వారీ మేస్త్రీ ముందు పడవలో కాగితం పట్టుకుని కూర్చున్నాడట. జనం డాబాల మీంచి కేకలేస్తుంటే, "మీది చుక్క ఇల్లు. తర్వాత, తర్వాత" అని చెయ్యూపుతూ పోయాడట.

ఆ కాగితం నేను రాసిందే. పోయిన ఎన్నికల ముందు నువ్వడిగితే, నా నోటుబుక్కులోంచి ఎత్తి రాసిచ్చాను. ఎవరు ఎవరికి వేశారో కనబడదు గానీ, మన మీటింగుకు వచ్చిందెవరు, మనల్ని చూసి తలుపు ఓరగా వేసుకున్నదెవరు, అన్నీ గమనించి ఇల్లిల్లూ రాశాను. మనకు వెయ్యరనుకున్న ఇంటి నంబరు పక్కన ఎర్ర చుక్క. "నీ రాత అచ్చేసినట్టుంటుందక్కా" అన్నావు. పొంగిపోయాను.

మూడోది, ఆ నోటుబుక్కు కాల్చేశావా అని. కాల్చలేదు.

ఎందుకో చెప్పడానికి ఇంతసేపు పట్టింది. రెండో వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ నీకు గుర్తుండే ఉంటుంది, మంచానపడ్డ భర్తతో ఉండేది. ఆ వీధిలో నాన్నకు వేసిందీ, నీకు వేస్తానందీ ఆమె ఒక్కతే. నేను లిస్టు రాస్తున్న వారంలో నలుగురి ముందూ, "మీ తమ్ముడికి ఓట్లప్పుడే కాళ్లు వదినా, గెలిస్తే చక్రాలొస్తాయి" అంది. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆమె ఇంటికి చుక్క పెట్టాను. అది ఒట్టి ఉక్రోషం. మర్నాడు చెరిపేద్దామనుకున్నాను. కాగితం చిరిగితే చూడ్డానికి బాగోదని ఊరుకున్నాను.

పడవ ఆమె డాబా పక్కనుంచి రెండుసార్లు వెళ్లింది. "మేం మీవాళ్లమేనయ్యా" అని అరిచిందట. మేస్త్రీ కాగితం మళ్లీ చూసి, "అక్కగారి రాతలో తప్పుండదు" అన్నాడట. రెండో రోజు మధ్యాహ్నం ఆ డాబా మీదే ఆమె భర్త పోయాడు.

మిగతా చుక్కలు సరైనవే కావచ్చు. సరైనవైతే ఆ ఇళ్లలో మిగతా పదహారుమంది పోవచ్చా తమ్ముడూ? నీ ఫోను వచ్చాకే కాగితం బయటికి తీశానని మేస్త్రీ మీ బావగారితో చెప్పాడు.

వరద చావుల మీద వేసిన విచారణ అధికారి గురువారం పదింటికి రమ్మన్నారు. నోటుబుక్కు పట్టుకెళ్తున్నాను. రాత ఎవరిదంటే నాదంటాను. ఎవరడిగితే రాశావంటే అదీ చెప్తాను. "తమ్ముడే కదే, వాడి బతుకేమవుతుంది" అని మీ బావగారు రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు.

ఈ మాట ఫోన్లో చెప్పొచ్చు. చెప్తే నువ్వు ఆ క్షణమే బయల్దేరతావు. వచ్చి గుమ్మంలో నిలబడి "అక్కా" అంటే ఇక నా కాళ్లు కదలవు. అందుకని దీన్ని గురువారం, ఆ ఆఫీసు లోపలికి వెళ్లి బయటికొచ్చాక పోస్టు చేస్తాను.

ఇట్లు,
నీ మేలు తప్ప ఎన్నడూ కోరని
అక్క