ఆయన పేరు మీది ఆటలు

జూన్ 3, మంగళవారం

కోవిల్‌పట్టి. నాయన ఇల్లు. విరుదునగర్ నుంచి వచ్చేసి పదకొండు రోజులు.

నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సుకు సెలవు పెట్టి గేమ్ పెట్టె విప్పాను. టీవీకి తగిలించాను. వెలిగింది. అరవై ఒక్క ఆటల బొమ్మలు వరసగా వచ్చాయి — ఒక్కొక్కదాని మూలన చిన్న తాళం గుర్తు. ఏది నొక్కినా ఒకటే మాట. ఈ ఆట ఆడే హక్కు మీకు లేదు.

బావ, అంటే నన్ను కట్టుకున్నాయన, పాస్‌వర్డ్ మార్చాడు. ఈ పెట్టెను తన ఖాతా నుంచి తీసేశాడు.

పెట్టె నా జీతంతో కొన్నది. ఆటల్లో సగానికి పైగా నా జీతంతో కొన్నవే. ఖాతా మాత్రం ఆయన పేరు మీద. గ్యాసు, ఇంటి అగ్రిమెంటు, స్కూటీ — అన్నీ అంతే. ఆ స్కూటీని నాతో ఒక్క మాటైనా అనకుండా అమ్మేశాడు. అందుకే కదా నేను బయటికి వచ్చింది.

మూడు డిస్కులు మాత్రం ఆడుతున్నాయి. లోపల పెడితే చాలు. నువ్వెవరని అడగవు.

చదివింది తమిళ బడుల్లో గనక ఈ ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. తిరుపతిలో చదివిన మూడేళ్ళు ఇందుకైనా పనికొచ్చాయి. ఈ డైరీలో ఏదైనా రాసుకోవచ్చు.

జూన్ 5, గురువారం

అరవై ఒకటిలో నాకు కావలసింది ఒక్కటే. వ్యవసాయం ఆట. రాళ్ళు ఏరి, బావి తవ్వి, నాలుగేళ్ళు పండించిన తోట. ఇద్దరం ఒకే ఖాతాలో ఆడేవాళ్ళం గనక అది కూడా ఆయన దగ్గరే ఉండిపోయింది.

అది కొన్న రోజు గుర్తొస్తోంది. బస్టాండు వెనక గేమ్ డిస్కుల అంగడి. అంగడి అన్న డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు. బావ ఫోను తీసి ఆన్‌లైన్ అంగడి చూపించాడు — అక్కడా అదే ధర.

"డబ్బా లేదు, డిస్కు లేదు, లారీ బాడుగ లేదు, అంగడోళ్ళకు లాభం లేదు. మళ్ళా అదే వెల ఏమిటికి బావా?"

"ఇంట్లో కూచోని వేలుతో నొక్కితే వస్తాది కదా. ఆ సుకానికే కాసు."

అంగడి అన్న తమిళంలో అన్నాడు, ఆడి ముగించి తెచ్చివ్వు చెల్లీ, సగం ధరకు నేనే తీసుకుంటానని. బావ అప్పటికే మెట్లు దిగాడు. నేనూ దిగాను. కాసు నాది. వేలు ఆయనది.

జూన్ 8, ఆదివారం

విరుదునగర్‌లో, అత్త ఇంట్లో మా ఇద్దరి సామాన్ల పంపకం. అత్త అంటే నాయనకు సొంత అక్క. అందుకే నాయన వెళ్ళిన దగ్గర్నుంచి నేల చూపులే.

రెండిళ్ళకూ పెద్ద, రామసామి తాత. చుట్టూ కుర్చీలు. నోటు పుస్తకంలో సామాన్లు ఒక్కొక్కటే రాస్తున్నాడు. బీరువా నాకు. వాషింగ్ మెషిను వాళ్ళకు. ఇత్తడి అండా నాకు.

"ఇంకేమన్నా ఉండాదామ్మా?"

"ఆటలు ఉండాయి తాతా. అరవై ఒకటి."

"ఆటలా? మీకు పిలకాయలు లేరే?"

ఎవరో నవ్వారు. నాకు ముప్పై ఒకటి. పిల్లలు లేరన్న మాట ఏ దారిన పోయినా ఎదురొస్తుంది.

చెప్పాను. ఒక్కొక్కటి ఎంత పెట్టి కొన్నామో కూడా చెప్పాను. తాత పెన్ను ఎత్తి పట్టుకుని అడిగాడు. "సరి, అవి యాడుండాయి? తెచ్చి చూపించు."

చూపించడానికి ఏముంది.

"సుమ్మా, ఉత్త టీవీ బొమ్మలు. దానికి పొయ్యి ఇంతమందిలో అడగతాండావే" అంది అత్త.

బావ నా వైపు చూడలేదు. "నేను ఇయ్యనని చెప్పలేదు తాతా. ఒకరి పేర ఉండేది ఇంకొకరికి మార్చేదానికి కంపెనీవోళ్ళు ఒప్పుకోరు."

తాత పెన్ను మూత పెట్టాడు. ఇత్తడి అండా దగ్గర ముగిసింది పట్టీ.

తిరుగు బస్సులో, సాత్తూరు దాటాక నాయన అడిగాడు — "అంత కాసా అమ్మా, దానికి?"

జూన్ 9, సోమవారం

ఆటల కంపెనీ షరతులు మొత్తం చదివాను. మధ్యాహ్నం భోజనం టైమంతా అదే. బావ అబద్ధం చెప్పలేదు. అదే ఎక్కువ మండుతోంది. అమ్మినట్టు ఎక్కడా లేదు — ఆడుకోవడానికి అనుమతి ఇచ్చారట. ఇంకొకరికి ఇవ్వకూడదట.

మరి బొత్తాం మీద ఎందుకు రాశారు, కొనండి అని?

జూన్ 12, గురువారం

ప్రెస్సులో అగ్గిపెట్టె లేబుళ్ళు. నాలుగు రంగులు. ఎరుపు కొంచెం పక్కకు జరిగిందని మూడు రీములు పక్కన పడేశారు.

కటింగ్ మిషను దగ్గర ఉండే పెద్దాయన శణ్ముగం అణ్ణాచ్చిని అడిగాను. గేమ్ డిస్కు డబ్బా కవరు చూపించి, ఇట్లాంటిది వేలల్లో వేస్తే ఒక్కోటీ ఎంత పడుతుందని. ఆయన కాగితం వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. టీ కాసు కూడా కాదమ్మా, అన్నాడు తమిళంలో.

ఇన్నాళ్ళూ తప్పుగా వాదించాను. డబ్బా లేదు, లారీ లేదు, కాబట్టి ధర తగ్గాలి అని. డబ్బాకు ఏముంది, టీ కాసు. అది తగ్గించి ఇచ్చినా నేను మోసపోయినట్టే. డిస్కుతో వచ్చేది డబ్బా కాదు. అమ్ముకోవచ్చు, అరువివ్వచ్చు, పంపకంలో తాత ముందు పెట్టొచ్చు. అవన్నీ తీసేసి, ధర మాత్రం అలాగే ఉంచారు.

ఇది ఆ రోజు మెట్ల మీద తట్టి ఉంటే…

తట్టినా ఏం లాభం. దిగి ఉండేదాన్నే.

జూన్ 15, ఆదివారం

సరే, న్యాయంగా రాయాలి. పండగ తగ్గింపులు వచ్చినప్పుడు ఒక చుడీదార్ ధరకు నాలుగు ఆటలు వచ్చేవి. డిస్కు ఏ అంగడిలోనూ అంత దిగదు. ఆ రోజుల్లో నేనే బావ భుజం మీద గడ్డం పెట్టి, ఇది నొక్కు, అది కూడా నొక్కు అన్నాను.

సంతోషంగానే ఉన్నాను. అది రాయడమే కష్టంగా ఉంది.

జూన్ 19, గురువారం

ప్రెస్సు గేటు దగ్గరుండగా బావ ఫోను. పంపకం తరవాత మొదటిసారి.

"ఆ ఫుట్‌బాల్ డిస్కు నాది. నా మొదటి జీతంలో కొన్నది. పంపించు."

"తాత పట్టీలో లేదే బావా."

"చేతిలో పట్టుకునే సామాను కదా. దానికి పట్టీ ఏమిటికి?"

నవ్వొచ్చింది. గేటు దగ్గర నిలబడి గట్టిగా నవ్వాను. వాచ్‌మన్ చూశాడు. బావ ఫోను పెట్టేశాడు.

పంపించాను. కొరియర్ ఖర్చు నాదే. ఆయనది ఆయనకు.

జూన్ 21, శనివారం

బావ దగ్గర్నుంచి రెండు వచ్చాయి. కాగితాలు — ఇద్దరి ఇష్టంతో విడిపోతున్నట్టు, నేను సంతకం పెట్టవలసినవి. ఫోనులో మెసేజి — పాస్‌వర్డ్. దాని కింద ఒక వాక్యం. "సంతకం పెట్టి పంపితే ఖాతా మొత్తం నువ్వే పెట్టుకో, నేను మార్చను."

అంటే ఆటలు నావి. పేరు ఆయనది. తెరిచినప్పుడల్లా ఆయన పేరు పెట్టి స్వాగతం చెబుతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు కంపెనీకి ఒక ఫోను కొట్టి పాస్‌వర్డ్ మార్చేసుకోగలడు కూడా.

సంతకం మాత్రం వెనక్కు రాదు.

జూన్ 22, ఆదివారం

చూడకూడదనుకున్నాను. పొద్దున పదకొండు గంటలకు పాస్‌వర్డ్ కొట్టాను.

తాళాలన్నీ పోయాయి. నా తోట తెరిచాను. నెల రోజులు నీళ్ళు లేక ఎండిపోయి ఉంటుందని…

ఎండలేదు. మిరప కాయలతో వంగిపోయి ఉంది. ఆవులు మేసి ఉన్నాయి. ఉత్తరం వైపు, నేను ఎప్పటినుంచో ఏరాలనుకుంటున్న రాళ్ళు లేవు. అక్కడ కొత్తగా మొక్కజొన్న. చివరగా ఆడింది నిన్న సాయంత్రం అని చూపిస్తోంది. ఈ ఆట అంటే చాదస్తం అనేవాడు బావ. ఒక్క రోజు కూడా దీన్ని ముట్టుకోలేదు.

ఎవరడిగారు? స్కూటీ అడగకుండా అమ్మాడు, చేను అడగకుండా తడిపాడు. ఒళ్ళు మండుతోంది. అయినా ఆ మొక్కజొన్న చాళ్ళ వెంట చివరిదాకా ఒకసారి నడిచి వచ్చాను. దేనికో తెలియదు.

కాగితాలు టీవీ పక్కనే ఉన్నాయి. సంతకం పెట్టలేదు. చింపలేదు.

నాయన పొలం నుంచి వచ్చాడు. కాళ్ళకు నల్లటి కరిసల్ మన్ను. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నా వెనకే నిలబడి చాలాసేపు తెర చూశాడు.

"బాగా కాసిండాదే. ఎవురి చేనమ్మా ఇది?"

తెలియదు నాయనా, అన్నాను.