ముందు నేర్పమన్న పాఠం

బుసాన్

అన్నయ్యా,

నువ్వు పంపిన బాక్సింగ్ గ్లోవ్స్ మా సుల్బికి సరిగ్గా సరిపోయాయి. కింద ఇంటివాళ్లు గొడవ చేస్తారని నేలమీద పరుపు పరిచాను. నేను దిండు పట్టుకుంటే గుద్దుతోంది. "గట్టిగా పట్టుకో అమ్మా, పడిపోతావ్!" అని నన్నే వెక్కిరిస్తోంది.

మొహానికి చేతులు అడ్డం పెట్టుకోవడం ముందు నేర్పమన్నావు. ఆ అవసరం రాలేదు. నిన్న సాయంత్రం వాళ్ల నాన్న వచ్చి తలుపు తాళం నంబర్లు నొక్కుతున్న చప్పుడు వినగానే, పిల్ల చేతులు వాటంతటవే మొహం ముందుకు లేచాయి. నేను దిండు దాచేలోపే నాకు అడ్డంగా వచ్చి నిలబడి, "అమ్మా, నువ్వు నా వెనకుండు" అంది.

దానికి ఏడేళ్లు, అన్నయ్యా.

ఇంకేమీ పంపకు. ఆయన పనికెళ్లే వేళ చూసుకుని నువ్వే రా. గ్లోవ్స్ అప్పుడే మా ఇద్దరి బట్టల సంచిలో సర్దేశాను.

నీ చెల్లెలు