నీ తొంభై తొమ్మిది మార్కులు

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. విజయనగరంలో నువ్వు సదివిన కంప్యూటర్ సెంటర్లోనే నేనూ సేరాను. నెల్లిమర్ల నుంచి రోజూ ఆటోలో ఎల్తన్నాను. అక్కడ మాస్టారి నోట్లో ఇప్పటికీ నీ పేరే. నువ్వు సేసిన మార్కుల వెబ్‌సైట్ మీదే మాకు డేటాబేస్ నేర్పుతన్నారు. అది తెరిసి సూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. నమూనాకి మన ఇంట్లోవాళ్ల పేర్లే పెట్టీసి, నీకు తొంభై తొమ్మిది, నాకు నలభై ఏసీసావు. అమ్మకి కూడా నాకంటే ఎక్కువే.

ఇవాళ అప్‌డేట్ కమాండ్ సెప్పారు. మాస్టారు అటు తిరగ్గానే నీ మార్కులు పది సేసీద్దామని కొట్టాను. ఎవరి మార్కులు మార్సాలో సెప్పే 'వేర్' రాయడం మర్సిపోయాను. అందరికీ పదే పడిపోయాయి, నాకూ అమ్మకీ కూడా.

"మీ అక్క ఇలాటి తప్పు ఒక్కనాడూ సెయ్యలేదమ్మా" అన్నారు మాస్టారు. నువ్వు దాసిన బ్యాకప్ తీసి ఎక్కించారు. నిమిషంలో నీ తొంభై తొమ్మిదీ వచ్చీసింది.

ఇన్నాళ్లూ నిన్ను సూసి కుళ్లుకున్నాను. ఇవాళ ఆ డేటాబేస్‌ని సూసి కుళ్లుకున్నానే. దానికి నువ్వు తిరిగొచ్చీసావు.

నీ నలభై మార్కుల సెల్లి