అమ్మ కాల్చిన ఐదు గుండ్లు

మైల్స్ సిటీ, మోంటానా
జూన్ 27, 1994

చిరంజీవి సిగ్నేకు,

నాన్న ఆశీస్సులు. ఇంట్లో అందరం కులాసా. ఆ చలి రేవులో నువ్వూ, నీ పడవ మీద వాళ్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నువ్వు పంపిన పొగబెట్టిన సాల్మన్ చేప అందింది. నాలుగు రోజులు వస్తుందని అమ్మ దాచింది, నేను రెండు రోజుల్లో ఖాళీ చేశాను. ఇంకా తిట్లు తింటూనే ఉన్నాను.

వాన బాగా పడింది. గడ్డి మోకాలి దాకా వచ్చింది. దూడలు ముప్పై ఒకటి, అన్నీ నిలిచాయి.

ఇక నువ్వు అడిగినదానికి అసలు జవాబు. మార్చిలో ఐదు వందల గజాల దూరాన నేను రైఫిల్‌తో కాల్చిన గుండ్లు గురి కాగితం మీద మూరెడు నిలువున ఎందుకు చెదిరాయని అడిగావు. నిలువున చెదిరితే తప్పు తూటాలో ఉంటుందని నీకు నేర్పింది నేనే కదా. అందుకని మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాను. సీసంలో తగరం పాలు సరిచూసి కొత్తగా గుండ్లు పోశాను. ఒక్కొక్కటీ తూచి, గోధుమ గింజంత బరువు, ఒక్క గ్రెయిన్, తేడా ఉన్నదాన్ని కూడా తిరిగి మూకుడులో పడేశాను. తుపాకిమందు అరవై ఐదు గ్రెయిన్లు, పొడవాటి ఇత్తడి గొట్టంలోంచి నెమ్మదిగా జారవిడిచాను, తూటా తొడుగులో గట్టిగా సర్దుకోవాలని. నువ్వు రాసినట్టే అడుగున మంట అంటించే క్యాప్ మీద వార్తాపత్రిక కాగితం బిళ్ల కూడా పెట్టాను. నీ మాట నిజమే, మంట నిలకడగా అందుకుంది.

గుండ్లకు పూయడానికి మైనంలో కొవ్వు కలిపి కాస్తుంటే అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏమయ్యా, అది నా సూప్ గిన్నె కాదు గదా?"

"కాదు."

"మరి నా సూప్ గిన్నె ఏది?"

నేను గరిటె తిప్పుతూనే ఉన్నాను. ఆ గిన్నె ఇక నాదే అయింది.

ఏప్రిల్‌లో, నాతో పోటీలకు వచ్చే లైల్ దగ్గర్నుంచి వేగం కొలిచే యంత్రం తెచ్చి చూశాను. పది తూటాల వేగాల మధ్య తేడా సెకనుకు ఎనిమిది అడుగులే. అంతకన్నా నిలకడైన తూటా నా జన్మలో చేయలేదు. కాగితం మీద చూస్తే మళ్లీ మూరెడు.

అమ్మ ట్రక్కులోంచి దిగి వచ్చింది. "గుండు సరిగ్గా ఉంది. మందు సరిగ్గా ఉంది. యంత్రం కూడా సరే అంటోంది. మరి అబద్ధం ఎవరు ఆడుతున్నారు?"

నేను తుపాకి గొట్టంలో మసి తుడుస్తూ కూర్చున్నాను.

"పక్కకు జరుగు" అంది. "నేను కాలుస్తాను. తప్పు తూటాదో, నీదో తేలిపోతుంది."

పెళ్లికి ముందు వాళ్ల నాన్న గొర్రెల మంద దగ్గర నక్కలను కాల్చిన చెయ్యి అది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ పొగ కంపని తిట్టిందే తప్ప రైఫిల్ ముట్టుకోలేదు. ఐదు కాల్చింది. తనే నడిచి వెళ్లి కాగితం తెచ్చింది. నా చేతికివ్వకుండా మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

"ఎంత?" అన్నాను.

"జానెడు."

సిగ్నే, కిందటి కోతలనాటినుంచే నాకు తెలుసు. మన గేటు స్తంభం కుడి కంటికి వంకరగా కనిపించేది. దేనివంక చూస్తే దాని నడిమధ్యనే మసక. ఎవరికీ చెప్పలేదు. మందుమీద, గుండుమీద నెపం పెట్టుకుని బతికాను. బిల్లింగ్స్‌లో డాక్టరు చూసి, పోయిన చూపు ఇక రాదన్నాడు. ఎడమ కన్ను ప్రస్తుతానికి బాగుంది. ఈ ఉత్తరం దానితోనే రాస్తున్నాను.

అమ్మ జేబులో పెట్టుకున్న ఆ కాగితాన్నే తీసుకుని నీకు పంపాను. "నేను కాల్చాను" అని రాశాను. అమ్మ ఆ ఉత్తరం చదివి, స్టాంపు అంటించింది. దాన్ని పడవ గదిలో గోడకు తగిలించి అందరికీ చూపిస్తున్నానని నువ్వు రాసినప్పుడు, అమ్మ పైకి చదువుతుంటే, నేను లేచి కొట్టంలోకి వెళ్లిపోయాను. నన్ను క్షమించు తల్లీ. చెదిరిన గుండ్ల గురించి నువ్వు అంత శ్రద్ధగా ఆలోచిస్తే, నేను నీకు అబద్ధం అందించాను.

పోయిన శనివారం పోటీకి నా పేరు కొట్టేసి అమ్మ పేరు రాయించాం. ఎనిమిది వందల గజాల దూరాన గురిగా ఇనుప దున్న బొమ్మ. లైల్ ఊరుకుంటాడా?

"ఏం తోర్వాల్డ్, ఈసారి పెళ్లాం చాటున దాక్కున్నావా?"

"దాక్కోలేదు లైల్, నా వెనక నిలబడ్డాడు" అంది అమ్మ. "నీ వెనక ఎవరున్నారు?"

అతను తన రైఫిల్ తీసుకుని వరస చివరికి నడిచాడు.

ప్రతి తూటాకూ ముందు నేను తుపాకి గొట్టంలోకి మూడుసార్లు నిండుగా ఊపిరి ఊదాను, మసి మెత్తబడాలని. అమ్మకు గాలి లెక్క తెలియదు. అది నా చెంపకు తెలుసు. "రెండు గీతలు ఎడమకు" అనేవాణ్ణి. తను రైఫిల్ మీద గురి సరిచేసే మర తిప్పేది. పేలిన తరువాత నాలుగైదు సెకన్లు ఏమీ ఉండదు, అప్పుడు దూరంనుంచి ఠంగుమని వినిపిస్తుంది. పదింటిలో ఆరుసార్లు విన్నాను. నలభై మందిలో తొమ్మిదో స్థానం.

అమ్మ మూతినిండా మసితో లేచి, భుజం రుద్దుకుంటూ, "ఈ తూటా నీ భుజానికి చేసుకున్నావు. నాకు ఎముకలు విరుగుతున్నాయి. నాకోసం ఒకటి చెయ్యి" అంది.

అందుకే మళ్లీ మొదటికి వచ్చాం. తేలిక గుండు, యాభై ఎనిమిది గ్రెయిన్ల మందు. త్రాసు ముల్లు అమ్మ చూస్తుంది, మందు నేను పోస్తాను. నిన్న తొలి ఐదూ కాల్చింది. రెండు మూరలు చెదిరాయి. ఇద్దరం ఎంత నవ్వామో చెప్పలేను.

ఇట్లు,
నీకు నిజం బాకీపడి తీర్చుకున్న
మీ నాన్న,
తోర్వాల్డ్