జకరయ్య పాటలకు వస్తే

ఎస్తేరూ,

ఈ సాయంత్రం క్రిస్మస్ పాటల గుంపుతో మా తమ్ముడు జకరయ్య మన ఇంటికి వస్తాడట. నాయిన పోగానే భూమంతా తన పేర రాయించుకొని, "బొగ్గుబాయిల నౌకరి ఉన్నంక నీకు పొలమెందుకన్నా?" అన్న మనిషి. అయినా తలుపు తియ్యి. అందరికీ చాయ్ పొయ్యి, గారెలు పెట్టు. వాడికీ పెట్టు. నేను డ్యూటీకి పోయానని చెప్పకు, వాడికి నా షిఫ్టు తెలుసు.

చర్చిలో ఒక్కణ్ణే కూర్చుంటాను. తమ్ముడిని క్షమిస్తేనే పండుగనాడు ప్రభు సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం ఇస్తానన్నారు పాస్టరుగారు. మూడు రోజులుగా అందుకే పోతున్నాను. అక్కడ చప్పుడే ఉండదు. నా అన్నం మీద మూత పెట్టు.

క్షమించానని ఇవాళైనా దేవుడితో చెప్పాలనే ఉంది. కళ్లు మూస్తే మాత్రం నా వాటా ఎకరం పదిహేను గుంటలే కనబడుతున్నాయి.