నీళ్లిచ్చాక అడిగే మాట

అఫ్రకోమా అక్కకు,

మొన్న ఆదివారం మీ ఇంటికొచ్చి నీతో అబద్ధం చెప్పాను. మన ఆనవాయితీ ప్రకారం ముందు నీళ్లిచ్చి, నేను తాగాక, "ఏం పని మీద వచ్చావురా?" అని అడిగావు. కుమాసిలో పార్టీ మీటింగుంది, దారిలో దిగానన్నాను. మీటింగూ లేదు, ఏమీ లేదు. ఎన్నికల్లో ఓడిపోయినవాణ్ణి ఎవరు పిలుస్తారు?

పదహారేళ్లు ఎంపీగా ఉన్నాను. ఎప్పుడు నీ గడప తొక్కినా ఆ ప్రశ్నకు నా జవాబు ఒకటే, ఓట్లు. ఆఖరికి బావ అంత్యక్రియల్లో కూడా మైకు పుచ్చుకుని, కోకో తోటలకు వేయించబోయే రోడ్డు గురించే మాట్లాడాను. నువ్వు ఎర్రంచు నల్లబట్టల్లో తల వంచుకుని విన్నావు. ఆ రోడ్డు కూడా పడలేదు.

మొన్న నేను లేస్తుంటే, "పోన్లే, మీటింగుండబట్టి కదా, ఈ అక్క గుర్తొచ్చింది" అని నవ్వావు. అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నిన్ను చూడాలనిపించే వచ్చానక్కా. పార్లమెంటులో అంత మాట్లాడినవాడికి ఆ ఒక్క ముక్క నోటికి రాలేదు.

శనివారం మళ్లీ వస్తున్నాను, బస్సులో. ఎప్పటిలాగే నీళ్లిచ్చి అడుగు. జవాబు దారి పొడుగునా వల్లెవేసుకుంటూ వస్తాను.

నీ తమ్ముడు