ఈ ఏడు చలి ముందే వచ్చింది

యారా లోయ,
ఈస్టర్ సోమవారం, 2010.

చిరంజీవి డెస్మండ్‌కు,

లియోనీ అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా అని రాయడం ఆనవాయితీ గనక రాస్తున్నాను. ఎంత కులాసానో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. ఇంటి నంబరు కనిపిస్తే నువ్వు ఫోన్ ఎత్తవు, నా నంబరుకూ ఇప్పుడు అదే మర్యాద దక్కుతోంది. అందుకని తాస్మానియాకు ఉత్తరం రాయాల్సి వచ్చింది.

దీన్ని వంటింటి బల్ల దగ్గర మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాసి, లేచి వైన్ పీపాల కొట్టంలోకి వెళ్ళాను. అక్కడా కుదురు లేదు. ఇప్పుడు వరండా మెట్ల మీద కూర్చున్నాను, ఎంతసేపు ఉంటానో తెలియదు.

ముందు మంచి కబురు. నాన్న కోలుకున్నాడు. పోయినేడు ఎండకు ద్రాక్షకాయ మాడి, మిగిలినదానికి అడవి మంటల పొగ పట్టి, వైనంతా పారబోశాక ఆయన ఎలా అయిపోయాడో నువ్వు చూశావు. నువ్వు వెళ్ళాక ఇంకా కుంగిపోయాడు. తెరలు వేసుకుని గదిలోనే ఉండేవాడట. ఈ లోయలో అందరికంటే ముందు, అందరూ నవ్వుతుంటే, మంచి వైన్‌కు చల్లటి చోటు కావాలని వెతికి ఈ కొండవాలు కొన్న మనిషి, "మనం పొరబడ్డాం థెల్, ఇది చలిచోటు కాదు" అని అమ్మతో అన్నాడట.

అలాంటిది శుక్రవారం నేను కారు దిగేసరికి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం ఉన్ని స్వెటర్ వేసుకుని చెమటలు కక్కుతున్నాడు. "బూట్లు అక్కడే విప్పు, పేల ఊరి పిల్లా" అన్నాడు. మా రూథర్‌గ్లెన్ నేలంతా ద్రాక్ష వేళ్ళను తినే వేరు పేను ఉందని, బూట్ల మట్టితో అది ఇక్కడికి రాకూడదని ఇన్నేళ్ళుగా నాకు ఇదే స్వాగతం. ఆయన రబ్బరు బూట్లు తొడుక్కుని ఈడ్చుకుంటూ వెనక నడిచాను. "పైచెక్క చూద్దువుగాని రా. ఈ ఏడు చలి ముందే వచ్చింది" అన్నాడు.

నిజంగానే పైచెక్కలో, అమ్మానాన్నా మొట్టమొదట నాటిన పినో ద్రాక్ష తీగల్లో, ఆకులు పండి పసుపెక్కాయి. మిగతా తోటంతా ఇంకా పచ్చగానే ఉంది. పండగకు వైన్ రుచి చూడటానికి వచ్చిన వాళ్ళందరినీ ఆయన అక్కడికే తీసుకుపోతున్నాడు. సాళ్ళకు అడ్డంగా తాడు కట్టి ఉంది, జనం తిరిగితే నేల గట్టిపడుతుందని అమ్మ కట్టించిందట. తాడుకు ఇవతల నిలబడి నాన్న ప్రసంగం. "పక్క డెయిరీ క్లారీ ఏమన్నాడో తెలుసా? ఇక్కడ ద్రాక్ష పండితే నా ఆవులు వైన్ పితుకుతాయన్నాడు. పోయేముందు డజను సీసాలు పట్టుకెళ్ళాడు, ఆవులకేనేమో." ఎన్నిసార్లు విన్నామో ఆ జోకు. అయినా ఆయన నోట మళ్ళీ వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

ఏడుపుకు ఇంకో కారణం కూడా ఉంది. చలి కొండ మీంచి జారి వాగు పక్క పల్లంలో దిగుతుందని మనిద్దరికీ చిన్నప్పట్నుంచీ తెలుసు. చలే అయితే ముందు పండాల్సిన ఆ పల్లంలో తీగలు పచ్చగా ఉన్నాయి డెస్. పసుపున్నది వాలు నడుమ, చాప పరిచినట్టు గుండ్రంగా. దాని అంచుల్లో తీగలు ఈ ఏడు సరిగా ఎదగనే లేదు. ఈ గుండ్రాన్ని మా వైపు ఎన్ని తోటల్లో చూశానో. ఒక తీగ వేళ్ళకు పేను పట్టి, అక్కణ్ణుంచి చుట్టూ పాకుతుంది. దానికి మందు లేదు. సొంత వేళ్ళ మీద నిలిచిన తీగ ఒక్కటీ దక్కదు.

నువ్వు నిరుడే చెప్పావు, లోయలో కింది తోటలకు పేను వచ్చింది, మనమూ పేనుకు లొంగని వేళ్ళ మీద కట్టిన అంటుమొక్కలు వేసుకోవాలి అని. నర్సరీలో ఆర్డరు నీ పేరున పెట్టావు. "నా నేల మీద నమ్మకం లేనివాడు నా తోటలో ఉండక్కర్లేదు" అని నాన్న అనడం, నువ్వు పెట్టె సర్దుకోవడం ఒక్క పూటలో అయిపోయాయి. గురువారం ఆ నర్సరీ నుంచి ఇంటికి ఫోన్ వచ్చిందట. నెలాఖరులోగా నువ్వు ఖాయం చేయకపోతే మొక్కలు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. మళ్ళీ మన వంతు రావాలంటే ఏళ్ళు పడుతుంది.

నిన్న భోజనాల దగ్గర నాన్న అదే ఎత్తుకున్నాడు. "ఆ తాస్మానియావాడికి రాయి. చలి తిరిగొచ్చింది, నా తీగలు నిక్షేపంలా ఉన్నాయి, ఆర్డరు రద్దు చెయ్యమను. అంటుమొక్కలంటే కట్టుడు పళ్ళే. చూడ్డానికి బానే ఉంటాయి, కొరికితే తెలుస్తుంది."

"మరి ఇందాకట్నుంచి గొర్రెమాంసం దేంతో కొరుకుతున్నావో" అంది అమ్మ.

నాన్న నవ్వి నవ్వి ఆ పళ్ళే సవరించుకున్నాడు. ఆ నవ్వులోనే అమ్మ నావైపు తిరిగి, "రాయవే. నాన్న చెప్పినట్టే రాయి" అంది. అదే నాకు మింగుడుపడలేదు. మనింట్లో ఆకు చూసి తీగ కష్టం చెప్పేది అమ్మే కదా. వయసు మీద పడి ఆమెకూ చూపు ఆనడం లేదేమో అనుకున్నాను. ఇక ఈ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనిపించింది.

సాయంత్రం నాన్నతో చెప్పేద్దామనే పైచెక్కకు వెళ్ళాను. "పల్లంలో ఇంకా పచ్చగా ఎందుకున్నాయంటావు నాన్నా" అని మెల్లగా అందుకున్నాను.

"అక్కడ తడి ఉంది కదే మొద్దూ" అన్నాడు. తాడు మీద చెయ్యేసి, "డెస్ వెళ్తూ ఏమన్నాడో తెలుసా నీకు? నీ చలి చచ్చిపోయింది ముసలాయనా అన్నాడు. వాడొచ్చి చూస్తే బావుణ్ణు" అన్నాడు.

ఆ మాట నిన్ను ఓడించాలని అనలేదురా. నువ్వు రావాలనే అన్నాడు. నీ పేరు ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. ఇక చెప్పకుండానే కిందికి దిగొచ్చేశాను.

కాబట్టి ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను, నేను చూసింది కూడా రాశాను. నా మాట వింటే ఆర్డరు రద్దు చేయకు. చేతులు కట్టుకుని కూర్చుని గడువు దాటనీయకు కూడా. కోపం నాన్న మీద పెట్టుకో, నా మీద పెట్టుకో, తోట మీద వద్దు. ఆయనకు నిజం ఎవరు చెప్పాలో, ఎలా చెప్పాలో నాకు తోచడం లేదు. రాత్రికల్లా నేను రూథర్‌గ్లెన్‌లో ఉండాలి. ఇలా వదిలేసి వెళ్ళడానికి కాళ్ళు రావడం లేదు, ఉండటానికీ ధైర్యం లేదు.

ఆరోగ్యం జాగ్రత్త. అక్కడి చలికి వెచ్చగా ఉండు.

నీ అక్క,
లియోనీ

తా.క.: దారిలో పెట్రోలు బంకు దగ్గర కారాపి ఇది రాస్తున్నాను. నేను బయల్దేరుతుంటే అమ్మ జామ్ సీసాలు కారులో పెట్టే వంకతో గేటు దాకా వచ్చింది. నాన్న వినపడనంత దూరంలో ఉన్నాడని చూసుకుని, "నాన్నకి చెప్పలేదు కదా?" అని అడిగింది.

కోత అయిపోయిన మర్నాడే, ఆయన కునుకు తీస్తుంటే, వంటింటి గరిటెతో తవ్వి చూసిందట. వేళ్ళు పరీక్షకు పంపింది తనే. పేనేనని జవాబు కూడా వచ్చేసింది. వచ్చే వారం బుధవారం తోట చూడటానికి వ్యవసాయ శాఖవాళ్ళు వస్తున్నారు. అందాకా ఒక్క కాలూ లోపల పడకూడదనే ఆ తాడు.

"మరి రద్దు చెయ్యమని నాతో ఎందుకు రాయించావు?" అన్నాను.

"ఆయన ముందు మరేం అనమంటావే? ఏడాది తర్వాత ఇప్పుడే ఇంట్లో మళ్ళీ ఆయన గొంతు వినపడుతోంది. డెస్‌కి వేరే రాయి. రద్దు కాదు, రెట్టింపు చెయ్యమను" అంది. కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.

"వాళ్ళు వచ్చే ముందే, మంగళవారానికల్లా రాగలిగితే రమ్మను. నాన్న పక్కన నిలబడి, నిజమే, ఈ ఏడు చలి ముందే వచ్చిందని ఒక్కసారి అనమను. బుధవారం ఎలాగూ వస్తుంది" అంది.